రాజు లేని రాజభక్తి: ఫాన్ దిన్ ఫుంగ్ పోరాటాన్ని ఎలా చదవాలి?

1888 చివర్లో వియత్నాం కుర్ర రాజు హామ్ నీ ఫ్రెంచివాళ్లకు చిక్కాడు. కొండల్లో తనకు కాపలాగా ఉన్న మనిషే పట్టిచ్చాడు. రాజును ఓడెక్కించి ఆల్జీరియాకు పంపేశారు. మళ్లీ సొంత గడ్డ చూడకుండానే ఆయన అక్కడ పోయాడు. 'కాన్ వువాంగ్', అంటే 'రాజుకు అండగా నిలవండి' అన్న పిలుపుతో మూడేళ్లుగా సాగుతున్న తిరుగుబాటుకు ఇక రాజంటూ లేడు. అక్కడితో అది చల్లారిపోవాలి. చాలాచోట్ల చల్లారింది కూడా. కానీ మధ్య వియత్నాంలోని హా తిన్ అడవుల్లో అసలు పోరు ఆ తర్వాతే ముదిరింది. రాజాస్థానంలో ఒకప్పుడు పెద్ద ఉద్యోగం చేసిన ఫాన్ దిన్ ఫుంగ్ అనే పండితుడు మరో ఏడేళ్లు, కట్టె కాలేదాకా, దాన్ని నడిపారు.

రాజు కోసమని మొదలైన పోరు రాజు లేకుండా ఏడేళ్లు ఎలా నడిచింది? ఫుంగ్ గురించి రాసినవాళ్లంతా ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్లే. వలస కార్యాలయాల కాగితాల్లో ఆయన దోపిడీ ముఠా నాయకుడు. అడవుల్లో ఆయన వెంటపడిన ఫ్రెంచి సైనికాధికారుల్లో కొందరి రాతల్లో మాత్రం గౌరవించదగ్గ శత్రువు. తర్వాతి తరం జాతీయవాదులకు ప్రాతఃస్మరణీయుడు. హనోయ్‌లో మార్క్సిస్టు దృష్టితో చరిత్ర రాసినవాళ్లకు గొప్ప దేశభక్తుడే, అయితే కాలం చెల్లిన ఫ్యూడల్ వర్గపు మనిషి. 1970ల నుంచి పాశ్చాత్య పరిశోధకులు ఈ బొమ్మలను విడదీసి చూస్తూ వచ్చారు. నా పక్షం ముందే చెబుతాను. ఫుంగ్ విధేయత సింహాసనం మీద కూర్చున్న మనిషికి కట్టుబడి లేదు. ఆ మనిషినైనా నిలదీయమనే ఉద్యోగ ధర్మానికి కట్టుబడి ఉంది. అందుకే ఆయన పోరాటాన్ని 1885 నుంచి చదవడం మొదలుపెట్టేవాళ్లకు సగమే అర్థమవుతుంది.

ఆయన 1847లో హా తిన్ ప్రాంతంలోని దోంగ్ థాయ్ గ్రామంలో పుట్టారు. తరతరాలుగా రాజోద్యోగులను ఇచ్చిన వంశం. ఆ రోజుల్లో వియత్నాంలో ఉద్యోగానికి దారి పరీక్షలే. ప్రాంతీయ పరీక్ష, రాజధానిలో మరో పరీక్ష, చివరికి రాజప్రాసాదంలోనే జరిగే పరీక్ష. కన్ఫ్యూషియస్ గ్రంథాలు, చైనా చరిత్ర, పద్యరచన, ప్రశ్నకు పద్ధతి తప్పని జవాబు, ఇవన్నీ చైనా లిపిలోనే. ఆ చదువు మీద ఫుంగ్‌కు పెద్ద మక్కువ లేదంటారు. అయినా 1877లో ప్రాసాద పరీక్షలో అందరికంటే ముందు నిలిచారు. పాండిత్యంలో అంతటి వాళ్లు ఆ దేశంలో కొరత కాదు. ఆయన్ను వేరుగా నిలబెట్టింది తర్వాతి ఆరేళ్ల నౌకరీ.

మొదటి పోస్టింగు ఉత్తరాన నిన్ బిన్ రాష్ట్రంలోని ఒక జిల్లాలో. అక్కడ ఒక వియత్నామీ క్యాథలిక్ ఫాదరీ, ఫ్రెంచి మిషనరీల అండ చూసుకుని ఊరివాళ్లను వేధిస్తున్నాడన్న ఫిర్యాదు వచ్చింది. ఫుంగ్ అతన్ని శిక్షించారు. ఫ్రాన్స్‌తో 1874లో కుదిరిన సంధి తర్వాత మిషనరీల మీద చెయ్యి వేయడమంటే ఫ్రాన్స్ మీద వేసినట్టే. గొడవ రాజధాని దాకా పోయింది. ఆస్థానం ఆయన చేసింది తప్పని గట్టిగా అనలేదు గానీ ఆ పోస్టు నుంచి మాత్రం తప్పించింది. అక్కడి నుంచి రాజధాని హ్వేకు, సెన్సార్ శాఖకు వచ్చారు. పత్రికలను కత్తిరించే శాఖ కాదది. అధికారుల తప్పులను, అవసరమైతే రాజు తప్పును కూడా ఎత్తిచూపడమే దాని పని. ఆస్థాన అధికారులంతా తుపాకి పేల్చడం సాధన చేయాలని రాజు ఆజ్ఞ ఉంటే, దాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోవడం లేదని ఫుంగ్ నివేదిక పెట్టారు. ఫ్రెంచివాళ్లు హనోయ్ కోట మీద రెండోసారి పడిన రోజులవి. ఆజ్ఞ ఒక చోట, ఆచరణ మరో చోట ఉన్న ఆ ఆస్థానం ఎంత గుల్లబారిందో చెప్పడానికి ఆ ఒక్క నివేదిక చాలు. ఆయన దేశ చరిత్ర, భూగోళం కలిపి ఒక గ్రంథం కూడా కూర్చారు. కొండలు, నదులు, జిల్లాల గురించి ఆయనకున్న ఎరుక తర్వాత ఎందుకు పనికొచ్చిందో చూస్తాం.

1883 జులైలో తు దుక్ రాజు సంతానం లేకుండా చనిపోయాడు. వారసుడిగా పేర్కొన్న జుక్ దుక్‌ను మూడే రోజుల్లో దించేశారు. దించినవాడు రాజప్రతినిధుల్లో అందరికంటే బలవంతుడైన తోన్ థట్ థుయెట్. సైన్యం అతని చేతిలో ఉంది. అధికారులందరినీ సభకు పిలిచి, దించుతున్నామని చెప్పి, అభ్యంతరం ఉందా అని అడిగాడు. అందరూ తల దించుకున్నారు. ఫుంగ్ లేచి, దివంగత రాజు రాసిన వీలునామాను కాదని వారసుడిని తొలగించడం తగదని నిండు సభలో చెప్పారు. పట్టుకెళ్లి జైల్లో వేశారు. తర్వాత పదవి ఊడబీకి ఊరికి పంపారు. ఆ ఏడాది కాలంలో హ్వే సింహాసనం మీద రాజులు ఒకరి తర్వాత ఒకరు మారారు. జుక్ దుక్, హియెప్ హ్వా, కియెన్ ఫుక్, చివరికి పసితనం వీడని హామ్ నీ. అదే ఏడాదిలో ఫ్రెంచివాళ్లు రెండు సంధుల మీద సంతకాలు చేయించుకున్నారు. 1884 జూన్ నాటి సంధితో మధ్యన ఉన్న అన్నాం, ఉత్తరాన ఉన్న టాంకిన్ ఫ్రాన్స్ సంరక్షణలోకి పోయాయి. దక్షిణాన కొచ్చిన్‌చైనా అప్పటికే పూర్తి వలస. ఆ రోజుల్లో మన యానాం మీద ఎగిరిందీ ఆ ఫ్రెంచి జెండాయే.

మొత్తం కథకు కీలు 1885 జులైలో ఉంది. జులై 4 అర్ధరాత్రి దాటాక థుయెట్ హ్వేలోని ఫ్రెంచి దళాల మీద దాడి చేయించాడు. తెల్లారేసరికి అది బెడిసికొట్టింది. ఫ్రెంచి సేనలు రాజప్రాసాదంలో చొరబడి దోచుకున్నాయి. థుయెట్ కుర్ర రాజును వెంటబెట్టుకుని క్వాంగ్ త్రి కొండల్లోని తాన్ సో స్థావరానికి పారిపోయాడు. జులై 13న అక్కడి నుంచి రాజు పేరిట కాన్ వువాంగ్ ప్రకటన వెలువడింది. తెలివిగలవాళ్లు ఆలోచన, బలవంతులు బలం, ధనవంతులు ధనం ఇచ్చి నిలవాలని దాని సారాంశం. పిలుపు ఇచ్చినవాడు థుయెట్. రెండేళ్ల క్రితం తనను జైల్లో వేసినవాడు. ఫుంగ్ వెళ్లారు. హా తిన్‌లో తిరుగుబాటుకు నాయకత్వం వహించారు.

దీన్ని పాత పగ మరిచిపోయిన పెద్దమనసుగా చాలామంది రాశారు. నాకు అది చాలదనిపిస్తుంది. 1883లో ఆయన అడ్డం పడింది వారసత్వ క్రమం తప్పినందుకు. 1885లో కదిలింది పరాయివాడు ఆ క్రమాన్నే లాగేసుకున్నందుకు. ఆ సెప్టెంబరులోనే ఫ్రెంచివాళ్లు హామ్ నీ అన్నను దోంగ్ ఖాన్ పేరుతో హ్వేలో కూర్చోబెట్టారు. అప్పటికి దేశంలో ఇద్దరు రాజులు. ప్రాసాదం, ముద్ర, జీతాలు దోంగ్ ఖాన్ వైపు. అధికారుల్లో ఎక్కువమంది అటే వెళ్లారు. వాళ్లలో అందరూ ద్రోహులని తీర్పు చెప్పడం తేలిక. కన్ఫ్యూషియస్ చదువు చదివిన మనిషికి సింహాసనం మీద ఉన్న రాజును కాదనడం ఎంత కష్టమో గుర్తుంచుకోవాలి. ఆ కష్టాన్ని దాటడానికి ఫుంగ్‌కు దొరికిన ఆధారం కూడా ఆ చదువులోదే. పేరు ఒకటి, పని ఒకటి అయినప్పుడు పేరును సరిచేయడం పండితుడి బాధ్యత అన్నది కన్ఫ్యూషియస్ చెప్పిన మాటే.

హా తిన్‌లో మొదటి నెలలు సవ్యంగా నడవలేదు. ఫుంగ్ మనుషులు తొలి దెబ్బ తీసింది చుట్టుపక్కల రెండు క్యాథలిక్ పల్లెల మీద. ఆ పల్లెవాళ్లు ఫ్రెంచివాళ్లకు సాయపడుతున్నారన్నది ఆరోపణ. ఫ్రెంచి దళాలు వెంటనే వచ్చిపడ్డాయి. దోంగ్ థాయ్ మీదికి వెళ్లాయి. ఫుంగ్ అన్న ఫాన్ దిన్ థోంగ్ పట్టుబడ్డాడు. పాత పరిచయం ఉన్న ఒక అధికారి చేత కబురు పంపారు: లొంగిపో, లేకపోతే అన్న, పూర్వీకుల సమాధులు, ఊరు ఏదీ దక్కదు. పితృదేవతల సమాధులను కాపాడుకోవడం ఆ సమాజంలో కొడుకు మొదటి కర్తవ్యం. ఆ నీతి పుస్తకాలు చదివే ఆయన అంతటివాడయ్యారు. ఫుంగ్ జవాబు వియత్నాంలో పిల్లలకు కూడా తెలుసు. ఉద్యమంలోకి వచ్చిన రోజే ఇల్లూ ఊరూ మరిచిపోవాలని నిర్ణయించుకున్నానని, తాను కాపాడవలసిన సమాధి ఇప్పుడు ఒక్కటేనని, అది దేశమంత పెద్దదని, ఆపదలో ఉన్న అన్నదమ్ములు రెండు కోట్లమందని ఆయన చెప్పి పంపారు. రాజు పేరు ఆ జవాబులో ఎత్తలేదు. అది 1885-86 నాటి మాట. అంటే రాజు పట్టుబడక ముందే ఆయన లెక్కలో దేశం రాజును దాటి ఉంది. జాతీయత అన్న భావన వియత్నాంకు ఇరవయ్యో శతాబ్దంలో బయటి పుస్తకాల ద్వారానే వచ్చిందని వాదించేవాళ్లు ఈ జవాబు దగ్గర ఆగి ఆలోచించాలి.

అయితే ఆ జవాబును తలచుకునేవాళ్లు ఆ రెండు పల్లెలను దాటేసి పోకూడదు. 1885లో మధ్య వియత్నాం రాష్ట్రాల్లో తిరుగుబాటు దళాల చేతుల్లో చచ్చిపోయిన క్యాథలిక్కుల సంఖ్య నలభై వేలకు దగ్గరగా ఉంటుందని చరిత్రకారుల అంచనా. బిన్ దిన్, క్వాంగ్ న్గాయ్, క్వాంగ్ త్రి ప్రాంతాల్లో ఊళ్లకు ఊళ్లు పోయాయి. ఫుంగ్ దళాల పాత్ర వాటిలో ఎంత చిన్నదైనా, ఉద్యమం ఉద్యమంగా ఈ భారం మోయాలి. జాతీయవాద చరిత్రలు దీన్ని ఒక వాక్యంతో ముగించేవి. మిషనరీల రాతలు దీన్నొక్కదాన్నే మొత్తం కథ చేశాయి. 2012లో చార్లెస్ కీత్ వియత్నాం క్యాథలిక్కుల మీద ప్రచురించిన పుస్తకం వాళ్లంతా ఒకే ముద్దగా ఫ్రెంచి పక్షం కాదని, పల్లె పల్లెకూ వేరు వేరు లెక్కలున్నాయని చూపించింది. క్యాథలిక్కుల భయమూ నిజమే. ఇరుగుపొరుగు తమ మీద పడతారన్న భయం వాళ్లను ఫ్రెంచి తుపాకుల నీడకు తోసింది, ఆ నీడలో ఉన్నారన్న కారణంగా ఇరుగుపొరుగు మళ్లీ వాళ్ల మీద పడ్డారు. తనను తాను దేశమంత విశాలంగా ఊహించుకున్న ఉద్యమం ఆ దేశపు మనుషుల్లో కొందరిని లోపలికి రానివ్వలేదు. ఫుంగ్ మీద నాకున్న గౌరవం ఎంత పెద్దదైనా ఈ లోటును చిన్నది చేసి చూపలేను.

తొలి దెబ్బల తర్వాత ఆయన పంథా మార్చారు. ఆ మార్పు ఎంత అవసరమో చెప్పడానికి థాన్ హ్వా రాష్ట్రంలోని బా దిన్ కోట ఉదాహరణ. పొలాల మధ్య మూడు ఊళ్లను కలిపి, వెదురు కంచెలు, మట్టి గోడలతో తిరుగుబాటుదారులు దుర్భేద్యంగా కట్టుకున్న కోట అది. ఫ్రెంచివాళ్లు ముట్టడించి, 1887 జనవరిలో నేలమట్టం చేశారు. ఆ ముట్టడిలో ఇంజనీరుగా పనిచేసిన కెప్టెన్ జోఫ్ర్ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సర్వసేనాని. 1945లో హో చి మిన్ స్వాతంత్ర్య ప్రకటన చదివిన హనోయ్ మైదానానికి ఈ కోట పేరే. ఒకచోట గూడు కట్టుకుని కూర్చుంటే ఫిరంగులకు ఎర కావడమేనని బా దిన్ చెప్పింది. ఫుంగ్ హా తిన్ పడమటి కొండలకు, లావోస్ సరిహద్దులోని వూ క్వాంగ్ అడవికి మారారు. ఎంత దట్టమైన అడవంటే, సావోలా అనే పెద్ద కొమ్ముల జంతువు అక్కడ ఉందని శాస్త్రవేత్తలకు తెలిసింది 1992లో.

1887లో ఫుంగ్ ఉత్తరాది నాయకుల సాయం కోసం టాంకిన్ వెళ్లారు. 1889 దాకా తిరిగి రాలేదు. ఆ రెండేళ్లూ దళాన్ని నడిపింది కావ్ థాంగ్. పాతికేళ్లు నిండని కుర్రాడు. పరీక్షలు రాసిన కుటుంబం కాదు, దారిదోపిడీ ముఠాతో తిరిగిన గతం. పండితుడికీ ఈ కుర్రాడికీ మధ్య కుదిరిన నమ్మకమే ఈ ఉద్యమపు వెన్నెముక అని నేను అనుకుంటాను. ఫుంగ్ తిరిగొచ్చేసరికి అడవిలో ఒక ఆయుధ కర్మాగారం నడుస్తోంది.

దాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఫ్రెంచి దళం నుంచి కావ్ థాంగ్ మనుషులు 17 తుపాకులు, 600 తూటాలు లాక్కున్నారు. 1874 మోడల్ రైఫిళ్లవి. వెనక నుంచి తూటా పెట్టి బోల్టు బిగించే రకం. త్రుంగ్ లుఒంగ్, వాన్ చాంగ్ కమ్మరి పల్లెల నుంచి పనివాళ్లను పిలిపించారు. కొడవళ్లు, నాగటి కర్రులు చేసే చేతులవి. ఒక రైఫిల్‌ను ముక్కలు ముక్కలుగా విప్పి, ఒక్కో ముక్కకూ నకలు తీశారు. ఇత్తడి పళ్లేలు, ఇనప సామాను కరిగించారు. స్ప్రింగులకు తగిన ఉక్కు లేదు. గొడుగుల ఊచలతో చేశారు. అలా వందల తుపాకులు తయారయ్యాయి. వాటిని చేతిలో పట్టుకుని పరిశీలించిన ఫ్రెంచి కెప్టెన్ గోసెలాన్, మన కార్ఖానాల సరుకుకు ఏమీ తీసిపోవన్న ధోరణిలో రాశాడు. రెండు లోపాలే పట్టాడు. గొడుగు ఊచల స్ప్రింగులకు బలం చాలదు. గొట్టం లోపల మెలితిరిగిన గాడులు లేవు. ఆ గాడుల వల్లే తూటా తిరుగుతూ సూటిగా, దూరంగా పోతుంది. అవి లేని తుపాకి దగ్గరున్నవాడిని పడగొట్టగలదు, దూరాన ఉన్నవాడికి గురి తప్పుతుంది. కమ్మరి కొలిమిలో ఎంత నైపుణ్యం ఉన్నా లోహపు గొట్టం లోపల సన్నటి గాడులు కోసే యంత్రం లేదు. పొంచి ఉండి, దగ్గరకు రానిచ్చి కొట్టడం వాళ్ల యుద్ధ పద్ధతి కావడానికి ధైర్యసాహసాలతోపాటు ఈ గాడులు లేకపోవడమూ కారణం.

ఫుంగ్ తిరిగొచ్చాక ఉద్యమానికి ఒక ప్రభుత్వపు రూపం వచ్చింది. థాన్ హ్వా నుంచి క్వాంగ్ బిన్ దాకా నాలుగు రాష్ట్రాలను 15 సైనిక మండలాలుగా విభజించారు. మండలానికొక అధిపతి, వందకు పైగా సైనికులు, ఒకే తరహా దుస్తులు, కేంద్రానికి నివేదికలు. పల్లెల నుంచి భూమి శిస్తు వెండి రూపంలో, బియ్యం రూపంలో వసూలయ్యేది. కొండల్లో దాల్చినచెక్క అమ్మకం మరో ఆదాయం. పడమట లావోస్ మీదుగా సయాం దాకా సరుకు నడిచే దారి ఉండేది. జిల్లా అధికారిగా, తనిఖీ అధికారిగా ఫుంగ్ చేసిన పనికీ దీనికీ తేడా పెద్దగా లేదు. హ్వేలో ఆజ్ఞకూ ఆచరణకూ పొంతన లేదని నివేదిక రాసిన మనిషి అడవిలో ఆ రెండింటినీ కలిపే యంత్రాంగం కట్టారు. ఫ్రెంచి దస్త్రాల్లోని 'దోపిడీ ముఠా' అన్న మాట నిలవనిది ఇక్కడే. శిస్తు లెక్క రాసి, మండలాలకు హద్దులు గీసి, సైనికుడికి యూనిఫాం కుట్టించిన ముఠా ఎక్కడా ఉండదు.

మార్క్సిస్టు చరిత్రకారుల వాదం కూడా ఇక్కడే తూకానికి వస్తుంది. ట్రాన్ వాన్ జావ్ వంటి పెద్దలు ఫుంగ్ దేశభక్తిని తక్కువ చేయలేదు. ఆ వర్గపు భావజాలానికే శక్తి ఉడిగిపోయిందన్నారు. పోయిన రాజ్యాన్ని తిరిగి నిలబెట్టడమే తప్ప రైతుకు కొత్తగా ఇచ్చేదేమీ ఈ నాయకత్వం దగ్గర లేదు, అందుకే ఓడింది అన్నది వాళ్ల సూత్రీకరణ. ఇందులో కొంత నిజముంది. ఫుంగ్ మండలాల్లో భూమి పంపకం మాట వినపడదు. కానీ కొత్త హామీ ఏదీ లేకుండానే రైతులు ఎందుకు పదేళ్లు బియ్యం మోశారు, కమ్మరులు ఎందుకు కొలిమి అడవికి తరలించారు, దారిదోపిడీగాడు ఎందుకు సేనాని అయ్యాడు అన్నవాటికి ఆ సూత్రంలో జవాబు దొరకదు. ఫ్రెంచి చరిత్రకారుడు షార్ల్ ఫూర్నియో 1989లో అచ్చయిన పెద్ద పుస్తకంలో ఆ పదేళ్లనూ పండితులూ రైతులూ కలిసి దండయాత్రను ఎదుర్కొన్న కాలంగా చదివాడు. వలస పాలకులు 'శాంతి స్థాపన' అని పేరు పెట్టినది అసలైన యుద్ధమని వాళ్ల దస్త్రాలతోనే నిరూపించాడు. అమెరికన్ డేవిడ్ మార్ 1971 నాటి పుస్తకంలో 1885 నుంచి 1925 దాకా ఒకే దారంగా చూశాడు. ఓడిపోయినవాళ్ల జ్ఞాపకం తర్వాతివాళ్ల చేతిలో ఎలా పనిముట్టయిందో చూపాడు. ఈ ఇద్దరి వైపే నా మొగ్గు. ఫుంగ్‌ను రైతులు అనుసరించింది సిద్ధాంతం చూసి కాదు. జిల్లా అధికారిగా ఎవరికీ జంకని మనిషి, సభలో లేచి నిలబడిన మనిషి, అన్న పట్టుబడినా లొంగని మనిషి అన్న పేరు వాళ్ల దాకా వచ్చింది. ఆ సమాజంలో పండితుడి నడవడే అతని రాజకీయం.

ఆ పేరు ఎంత బరువైనదో అవతలి పక్షానికీ తెలుసు. దోంగ్ థాయ్‌లోనే పుట్టిన హ్వాంగ్ కావ్ ఖాయ్ ఫ్రెంచి కొలువులో టాంకిన్ రాజప్రతినిధి స్థాయికి ఎదిగాడు. ఒకే ఊరు, ఒకే చదువు. లొంగిపొమ్మని ఫుంగ్‌కు ఉత్తరం రాశాడు. చిన్ననాటి స్నేహాన్ని గుర్తుచేశాడు. మీ త్యాగం గొప్పదే గానీ మీ పోరు వల్ల ఊళ్లు కాలిపోతున్నాయి, జనం నలిగిపోతున్నారు, దీన్ని ఆపే శక్తి మీ చేతిలో ఉందని వాదించాడు. ఈ వాదాన్ని ద్రోహి మాటగా తోసెయ్యకూడదు. పల్లెల మీద పడిన కష్టం నిజం. ఫుంగ్ కూడా దాన్ని తోసెయ్యలేదు. జవాబులో ఆయన ఎత్తింది చరిత్ర. మన దేశం చైనాతో పోలిస్తే ఎంత, సైన్యం ఎంత, సంపద ఎంత? అయినా హాన్ నుంచి మింగ్ దాకా వచ్చిన వంశాలేవీ దీన్ని శాశ్వతంగా మింగలేకపోయాయి, నిలబెట్టింది ధర్మానికి కట్టుబడటమే అన్నారు. ఇక జనం కష్టానికి బాధ్యులు ఎవరన్నది: ఊళ్లు తగలబెడుతున్నది ఫ్రెంచివాళ్లు, వాళ్లకు దారి చూపుతున్నది వాళ్ల కొలువులో ఉన్నవాళ్లు. ఉత్తరాల్లో ఇద్దరి మర్యాదా చెక్కుచెదరలేదు. ఆ మర్యాదలోనే ఒక తరం రెండుగా చీలిపోవడం కనిపిస్తుంది.

1892లో ఫుంగ్ దళం హా తిన్ పట్నం మీద దాడి చేసి జైలు బద్దలుకొట్టి తమవాళ్లను విడిపించుకుంది. అది ఉచ్ఛదశ. 1893 చివర రెండు దెబ్బలు పడ్డాయి. న్ఘే ఆన్ మీదికి పెద్ద దాడి నడిపిస్తూ, దారిలో ఒక చిన్న ఠాణాను పట్టబోయి కావ్ థాంగ్ తూటా తగిలి చనిపోయాడు. నిండా ముప్పై ఏళ్లు లేవు. దానికి కొన్ని వారాల ముందు, 1893 అక్టోబరులో సయాం మెడలు వంచి ఫ్రాన్స్ మెకాంగ్ తూర్పు గట్టంతా, అంటే లావోస్‌ను తన పేరిట రాయించుకుంది. వియత్నాం చరిత్రలు మొదటి దెబ్బనే ఎక్కువగా చెబుతాయి. రెండోదే అసలు దెబ్బని నాకనిపిస్తుంది. అప్పటిదాకా వూ క్వాంగ్‌కు పడమర తెరిచిన తలుపు. అది మూసుకుపోయాక ఆ అడవి కోటగా ఉండటం మానేసి బోనుగా మారింది.

ఆ బోనులోనూ ఒక గొప్ప గెలుపుంది. 1894 అక్టోబరులో ఫ్రెంచి దళం వూ క్వాంగ్ మీదికి వచ్చినప్పుడు, ఫుంగ్ మనుషులు ఏటి ఎగువన కట్ట కట్టి నీళ్లు ఆపారు. పెద్ద పెద్ద చెట్లు నరికి దుంగలు ఆ నీళ్లలో పేర్చారు. కింద ఏరు మోకాటి లోతుకు దిగింది. సైనికులు ఏటిలో దిగి నడి మధ్యకు వచ్చేదాకా ఆగి, కట్ట తెంచారు. నీళ్లూ దుంగలూ ఒక్కసారిగా వాళ్ల మీద పడ్డాయి. రెండు గట్ల నుంచీ తుపాకులు పేలాయి. గాడులు లేని తుపాకులకు గురి కుదిరే దూరంలోకి శత్రువును ఏరే తెచ్చి పెట్టింది. భూగోళ గ్రంథం కూర్చిన మనిషి నాయకత్వంలో ఈ వ్యూహం పుట్టిందంటే ఆశ్చర్యం లేదు.

కానీ తిండి తెచ్చే దారులు ఒక్కొక్కటే తెగిపోయాయి. ఫ్రెంచివాళ్లు ఠాణాల గొలుసు బిగిస్తూ పల్లెకూ అడవికీ మధ్య సంబంధం తెంచారు. 1895లో న్గుయెన్ థన్ అనే వియత్నామీ సేనాని నాయకత్వంలో సుమారు 3,000 మందిని పంపారు. క్వాంగ్ న్గాయ్ ప్రాంతంలో కాన్ వువాంగ్‌ను అణచినవాడే ఇతను. ఉద్యమాన్ని చివరికి చుట్టుముట్టినవాళ్లలో ఎక్కువమంది ఆ దేశం మనుషులే. అడవిలో ఆకలి, మన్యపు జ్వరాలు. ఆ చలికాలంలో ఫుంగ్ రక్త విరేచనాలతో చనిపోయారు. యాభై ఏళ్లు కూడా నిండలేదు. న్గుయెన్ థన్ మనుషులు సమాధి తవ్వి శవాన్ని బయటికి తీశారు. దాన్ని కాల్చి, ఆ బూడిదను తుపాకి మందులో కలిపారన్న కథ నేటికీ చెప్పుకుంటారు. సమాధులను అడ్డుపెట్టి బెదిరించిన మాట పదేళ్ల తర్వాత ఆయన శవం మీదే నెరవేరింది. లొంగిపోతే క్షమిస్తామన్న మాట నమ్మి వచ్చిన అనుచరుల్లో పలువురిని చంపేశారు.

ఆ దండయాత్రలో పాల్గొన్నవాళ్లలో న్గో దిన్ ఖా అనే క్యాథలిక్ ఆస్థానాధికారి ఉన్నాడని చెబుతారు. ఆయన కొడుకు న్గో దిన్ జియెమ్ 1955లో దక్షిణ వియత్నాం అధ్యక్షుడయ్యాడు. జియెమ్ పాలనలో సైగాన్‌లో ఫాన్ దిన్ ఫుంగ్ పేరిట ఒక పెద్ద వీధి ఉండేది. 1963 జూన్ 11న థిక్ క్వాంగ్ దుక్ అనే బౌద్ధ భిక్షువు జియెమ్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా నిప్పంటించుకున్నది ఆ వీధి కూడలిలోనే. ఉత్తరాన హనోయ్‌లోనూ ఆయన పేరు మీద చెట్ల నీడ పరుచుకున్న వీధి ఉంది. యుద్ధంలో ఎదురెదురుగా నిలిచిన రెండు ప్రభుత్వాలూ తమవాడని చెప్పుకున్న మనిషి ఆయన. అలా చెప్పుకోవడానికి ఆయన నుంచి ఒక్కో పక్షం ఒక్కో ముక్క తీసుకుంది. ఉత్తరం దేశభక్తిని తీసుకుని కన్ఫ్యూషియస్‌ను పక్కన పెట్టింది. దక్షిణం సంప్రదాయ పండితుడిని తీసుకుని రైతు మండలాలను పక్కన పెట్టింది. విడదీస్తే ఆ మనిషి అర్థం కాడని ఇంతవరకూ చెప్పుకుంటూ వచ్చాం.

ఓటమికి ఇద్దరు వారసులు ఇచ్చిన జవాబులు మాత్రం ఏ చరిత్రకారుడి వ్యాఖ్య కంటే విలువైనవి. ఫాన్ చు త్రిన్ తండ్రి కాన్ వువాంగ్ దళంలో పనిచేస్తూ, ద్రోహి అన్న అనుమానంతో సొంతవాళ్ల చేతుల్లోనే హతమయ్యాడు. ఆ కొడుకు పెరిగి, తుపాకిని, రాజరికాన్ని రెండింటినీ వద్దన్నాడు. ముందు జనానికి చదువు, హక్కులు రావాలన్నాడు. పొరుగు రాష్ట్రం న్ఘే ఆన్‌లో పుట్టిన ఫాన్ బోయ్ చావ్ 1885లో పద్దెనిమిదేళ్లవాడు. తోటి విద్యార్థులను కూడగట్టి ఒక చిన్న దళం పెట్టాడు. ఫ్రెంచివాళ్లు రాగానే అది చెల్లాచెదురైంది. ఫుంగ్ పదేళ్లు నిలవడాన్ని పక్క రాష్ట్రం నుంచి చూశాడు. గాడులు కోసే యంత్రం లేకుండా గెలవలేమని, దాని కోసం బయటికి వెళ్లాలని అతను తేల్చుకున్నాడు. 1905లో జపాన్ చేరాడు. అక్కడ చైనా సంస్కర్త లియాంగ్ చిచావ్ సాయంతో వియత్నాం దేశాన్ని కోల్పోయిన చరిత్ర రాసి అచ్చు వేయించాడు. కాన్ వువాంగ్ వీరుల జీవితాలకు అందులో చోటిచ్చాడు. రాసింది రాజప్రాసాద పరీక్షలు రాసే చైనా లిపిలోనే. 1919లో హ్వేలో ఆ పరీక్షలు చివరిసారి జరిగేనాటికి ఆ పుస్తకం దొంగచాటుగా వియత్నాం పల్లెల్లోకి చేరి చాలా ఏళ్లయింది.